ఊరి మాటకు చరిత్రలో చోటిచ్చిన సురవరం

అజీజ్‌నగర్: నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాసిన మాటకు కోపంతో బదులు చెప్పక, 354 మంది కవులను ఒక్క పుస్తకంలో నిలబెట్టి చూపిన సంపాదకుడు కీర్తిశేషులు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన గోలకొండ పత్రిక నడిపారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. పల్లెటూళ్లలో ఎక్కడో మూలన కూర్చుని పద్యం అల్లుకునే వారి చేత, ఊరి సంగతి నాలుగు ముక్కలు రాయగల వారి చేత కలం పట్టించారు. లంగర్‌హౌజ్ మీదుగా పట్నం పోయే మన ప్రాంతపు జనానికి గోలకొండ కోట నిత్యం కనబడేదే. ఆ కోట పేరు పెట్టుకున్న పత్రిక ఒకటి ఉండేదనీ, తెలుగు రాయడమే ఒక సాహసమైన కాలంలో అది నడిచిందనీ ఇప్పటి వారిలో చాలామందికి తెలియదు.

ప్రతాపరెడ్డి 1896 మే 28న పాత మహబూబ్‌నగర్ జిల్లా బోరవెల్లి గ్రామంలో జన్మించారు. అది మేనమామ గారి ఊరు. సొంత ఊరు ఆలంపురం తాలూకాలోని ఇటిక్యాలపాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. ఆలంపురం అంటే తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నాటి గుళ్లు, గుళ్ల నిండా రాతి శాసనాలు. నది దాటితే కర్నూలు. నదికి ఇవతల నిజాం పాలన, అవతల ఇంగ్లీషు వారి పాలన. ఇవతల కచ్చీరులో ఉర్దూ నడిస్తే అవతల బడిలో తెలుగు నడిచేది. ఈ తేడా చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఏ పని ఎత్తుకున్నాడో చూస్తే ఆ ఒడ్డుకూ ఆ పనికీ సంబంధం ఉందనే అనిపిస్తుంది.

చదువు కర్నూలులో మొదలై హైదరాబాదు నిజాం కళాశాల, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల దాకా సాగింది. బి.ఏ. తర్వాత న్యాయశాస్త్రం కూడా చదివారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు బాగా వచ్చినవారు. వకీలుగా నిలబడితే ఆ రోజుల్లో డబ్బుకు కొదవ లేదు. కాని వకీలు పని ఆయన మనసుకు పట్టలేదు.

పట్నం కొత్వాలుగా పేరు పొందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ఆయన్ని రెడ్డి హాస్టలు పనిలోకి తెచ్చారు. 1918లో నెలకొన్న ఆ హాస్టలు పల్లెల నుంచి చదువుకోను వచ్చే పిల్లలకు పట్నంలో నీడ. పట్నంలో ఎవరూ తెలియని పిల్లవాడికి అన్నం పెట్టే చోటు దొరకడమే గొప్ప. ప్రతాపరెడ్డి అక్కడితో ఆగక ఆ హాస్టలుకు పెద్ద గ్రంథాలయాన్ని సమకూర్చారు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఉర్దూ పుస్తకాలు ఒక్క కప్పు కింద చేరాయి. పిల్లల తిండి, పడక లెక్కలు చూసే పెద్దమనిషే వారికి ఏ పుస్తకం చదవాలో చెప్పేవాడైతే ఆ చదువు తీరే వేరు.

తెలుగులో మాట్లాడితే గోల చేసిన కాలం

అప్పటి పరిస్థితి తెలియకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు. సంస్థానంలో తెలుగు వాళ్లే అందరికంటే ఎక్కువ. అయినా పై చదువు, కచ్చీరు, కొలువు అన్నీ ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఎంతోమంది మాట్లాడారు, సభ విన్నది. ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే మాత్రం ఈలలు, చప్పట్లతో గోల చేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ అవమానం భరించలేక తెలుగు పెద్దలు కొందరు ఆ రాత్రికి రాత్రే కూడి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి వారి సరసన మన మొయినాబాదు వైపు పెద్దమంగళారం బిడ్డ కొండా వెంకట రంగారెడ్డి కూడా ఆ సంఘాన్ని తొలినాళ్ల నుంచీ మోసినవారే. ఆయన పేరే 1978లో మన జిల్లాకు పెట్టారు.

సభలో మాట్లాడటానికే ఇంత కష్టమైతే పత్రిక నడపడం మాటలా? పట్నం నుంచి తెలుగులో చెప్పుకోదగ్గ పత్రిక అంటూ లేదు. నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక 1922లో బయలుదేరినా ఎక్కువకాలం నిలవలేదు. అలాంటి సమయంలో 1926 మే 10న ప్రతాపరెడ్డి సంపాదకులుగా గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. కొత్వాలు వెంకటరామారెడ్డి అండ ఉంది. అండ ఉన్నంత మాత్రాన పేజీలు నిండవు గదా. తొలి రోజుల్లో రాసేవారు లేక ఆయనే రకరకాల మారుపేర్లతో వ్యాసం, కథ, విమర్శ రాశారు. సంపాదకీయం రాసిన చేత్తోనే అచ్చు తప్పులూ దిద్దారు. ఒకే మనిషి పది మందిగా కనబడవలసి వచ్చిందన్నమాట.

ఇది ఎంతోకాలం సాగే పద్ధతి కాదని ఆయనకు తెలుసు. పత్రిక బతకాలంటే ఊళ్లలో రాసేవాళ్లు పుట్టాలి. ఊళ్లలో చూస్తే బడులు తక్కువ. సొంతంగా బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయం పెడితే ఎందుకు పెట్టారని ఆరా. 1929లో గష్తీ నిషాన్ 53 వచ్చాక సభ జరపాలన్నా ముందుగా అనుమతి పొందక తప్పలేదు. జాగీర్లలో దేవిడీల భయం, వెట్టి, అధికారుల ఆగడాలు. వీటిని గురించి రాసిన కాగితం మీద పేరు పెట్టడానికి జంకే రోజులవి. ఆ జంకును కొద్దికొద్దిగా పోగొట్టింది గోలకొండ పత్రిక. తమ ఊరి పేరు, తమ భాషలో, అచ్చులో చూసుకున్న వారికి కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

పత్రికపై సర్కారు కన్ను ఎప్పుడూ ఉండేది. సంపాదకీయాలను ముందుగా చూపి అనుమతి తీసుకోవాలని షరతు పెట్టినప్పుడు ఆయన ఆ చోటులో తన మాట మానేసి లోకంలోని మహనీయుల సూక్తులు వేశారని చెబుతారు. సూక్తిని తప్పు పట్టే అధికారి ఎవడు? ఆ చోట సంపాదకుడి రాత ఎందుకు లేదో చదివేవాళ్లకు చెప్పకుండానే తెలిసిపోయింది.

1930 మార్చి 3, 4, 5 తేదీల్లో జోగిపేటలో తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగితే దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డే. తొమ్మిదేళ్ల కిందట తెలుగు మాటకు చోటు దొరకని సంస్థానంలో తెలుగు వాళ్లదే ఒక సభ, దానికి తెలుగు పత్రికా సంపాదకుడు అధ్యక్షుడు. చదువు, గ్రంథాలయాలు, స్త్రీల స్థితి, రైతుల బాధలు ఆ మహాసభల్లో చర్చకు వచ్చాయి. తర్వాత 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదో మహాసభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షత వహించారు. ఇక్కడ ఒక మాట. 1941లో మహాసభ చిలుకూరులో జరిగిందని పుస్తకాల్లో చదివి మన బాలాజీ చిలుకూరే అనుకునేవారున్నారు. అది నల్లగొండ వైపు చిలుకూరు, మన చిలుకూరు కాదు.

354 మంది కవులు

నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు లేరన్న పండితుడి రాత ప్రతాపరెడ్డిని బాగా నొప్పించింది. లేరనడం తేలిక. ఉన్నారని చూపాలంటే ఊరూరా వెదకాలి. ఆయన ఆ పనికే పూనుకున్నారు. గోలకొండ పత్రికలో ప్రకటన వేశారు. ఏ ఊరి కవి అయినా సరే పద్యాలు పంపాలని, తమ ఊరు, వివరాలు తెలపాలని కోరారు. పాత కాలపు కవుల సంగతి తెలిసినవారూ రాసి పంపాలన్నారు. ఉత్తరాలు రాసాగాయి. పేరున్న పండితులతో పాటు తమ ఊరు దాటి పేరు వినపడని వారి పద్యాలూ వచ్చాయి. వాటినన్నిటినీ చూసి, కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చు వేశారు. లెక్క తేలితే 354 మంది కవులు.

ఆ సంచికలోని పద్యాలన్నీ గొప్ప కవిత్వమని ఎవరూ అనరు, అనవలసిన పనీ లేదు. స్త్రీల పేర్లు బహు తక్కువ. పద్యం మాత్రమే కవిత్వమనుకున్న కాలం గనుక పొలాల్లో, బతుకమ్మ చుట్టూ పాడే పాటకు అందులో చోటు లేదు. అయినా ఆ పుస్తకం విలువ వేరే చోట ఉంది. అది కచ్చీరు దఫ్తరులో దొరికే కాగితం కాదు. ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టెలో దాచుకున్నది, దాచుకోక పోగొట్టుకోబోయేది. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమైతే చెదలు తినేసేది. ఈనాడు తెలంగాణ సాహిత్య చరిత్ర రాసేవారెవరైనా ఆ సంచికను తిరగేయక తప్పదు. పరిశోధన అనే మాటకు పెద్ద పెద్ద అర్థాలు చెబుతారు గాని, ఒక పత్రికా ప్రకటన, పోస్టు కార్డులు, ఓపిక ఈ మూడింటితో అంత పని జరిగింది.

శాసనాల సేకరణ కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కాలధర్మం చెందాక ఆయన పేర హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. ఆదిరాజు వీరభద్రరావు వంటి వారు దానికి పాటుపడ్డారు. గుడి గోడ మీదో, చెరువు కట్ట మీదో ఉన్న రాయిపై అక్షరాలను తడి కాగితం అద్ది, సిరా పూసి ఎత్తుకొచ్చి చదివేవారు. తెలంగాణ శాసనాలు అనే సంపుటి 1935లో వెలువడింది. కత్తులు నూరుకోవడానికీ, బట్టలు ఉతుక్కోవడానికీ వాడుకునే రాయి మీద తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారో రాసి ఉందని తెలిస్తే ఊరివాళ్లు దాన్ని చూసే చూపు మారుతుంది.

నిఘంటువులో దొరకని మాటలు

ప్రతాపరెడ్డి పేరు చిరస్థాయిగా నిలిపింది 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అప్పటిదాకా చరిత్ర అంటే ఏ రాజు ఎప్పుడు గద్దె ఎక్కాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఎందరు భార్యలు అన్నదే. ఆ రాజు ఏలిన జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, పన్ను ఎంత కట్టారు, చెరువులు ఎలా కాపాడుకున్నారు, పెళ్లి ఎలా చేసుకున్నారు అన్నది పట్టించుకున్నవారు లేరు. ఇంగ్లండులో ట్రెవెల్యాన్ అనే చరిత్రకారుడి ఇంగ్లీషు ప్రజల సాంఘిక చరిత్ర అక్కడ అచ్చయింది 1944లో. అయిదేళ్లలోనే తెలుగు వారికి అలాంటి పుస్తకం దక్కింది. ప్రతాపరెడ్డి ఆ దారిలో వ్యాసాలు రాయడం అంతకు చాలా ముందే మొదలుపెట్టారు.

జనం తమ సంగతి తాము రాసి పెట్టుకోలేదు. మరి ఆధారాలు ఎక్కడివి? కావ్యాలు ఆయన కొత్త కంటితో చదివారు. పండితుడు అలంకారం కోసం, ఛందస్సు కోసం చదివే పద్యంలో ఆయన వంటపాత్రను, చెప్పును, బండిని వెదికారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి ఇలా ఎన్నో. క్రీడాభిరామం చదివితే కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులు, పూటకూళ్ల ఇంట్లో రూక ఇచ్చి తినే భోజనం కళ్లకు కడతాయి. శాసనాలు, విదేశీ యాత్రికులు రాసిపెట్టిన సంగతులు, సామెతలు, చాటువులు వీటికి తోడు. తూర్పు చాళుక్యుల నాటి నుంచి 1907 దాకా తెలుగువాడి బతుకును కాలం వారీగా పేర్చారు.

ఈ పని చేస్తూంటే ఆయనకు అడుగడుగునా ఒక చిక్కు ఎదురైంది. పాత కావ్యంలో ఒక ఆట పేరు వస్తుంది. నిఘంటువు తీస్తే ఒకానొక ఆట అని ఉంటుంది. ఒక పిండివంట పేరు వస్తే ఒక విధమైన భక్ష్యమని, పిట్ట పేరు వస్తే ఒక రకం పక్షి అని. దీనివల్ల చదివేవాడికి ఒరిగిందేమిటి? నిఘంటువులు చేసిన వారిని ఈ విషయంలో ఆయన గట్టిగానే తప్పుపట్టారు. కొన్ని మాటలైతే నిఘంటువులో అసలే లేవు. కాని అదే మాట తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ల నోట, పశువులు కాసే పిల్లల నోట వినబడుతూనే ఉంది. ఆయన ఆ వాడుకను పట్టుకుని అయిదు వందల ఏళ్ల కిందటి పద్యానికి అర్థం చెప్పారు. తెలంగాణ మాట మొరటు, అది తెలుగే కాదు అని ఎగతాళి చేసిన రోజుల్లో ఆ మాటే ప్రాచీన కావ్యానికి తాళంచెవి అయింది. చిర్రగోనె ఆడినవాడికి తెలిసిన సంగతి పట్నంలో కూర్చుని నిఘంటువు రాసేవారికి తెలియకపోవడంలో వింత లేదు. తెలిసినవాణ్ని అడగకపోవడమే వింత.

ఆ పుస్తకానికి లోపాలు లేకపోలేదు. కావ్యాలు రాసింది ఎక్కువగా రాజాస్థానాలకు, అగ్రహారాలకు దగ్గరి వారు. వారి కంటికి ఆననిది పుస్తకంలోకీ రాలేదు. కొన్ని కులాల గురించి, మతాల గురించి ఆయన చేసిన తీర్మానాలను తర్వాతి వారు ఒప్పుకోలేదు. అయితే ఆ తర్వాతి వారు నడిచిన బాట మాత్రం ఆయన వేసిందే.

ఆయన రాసినవి ఇంకా ఉన్నాయి. హిందువుల పండుగలు, రామాయణ విశేషాలు, కొత్వాలు వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర, మొగలాయి కథలు, గ్రామజన దర్పణం, భక్త తుకారాం నాటకం. నిజాం నాటి అధికారుల తీరు తెలుసుకోగోరేవారు మొగలాయి కథలు చదివితే నవ్వూ వస్తుంది, మంటా పుడుతుంది.

వెంట నడిచినవారు

1943 మేలో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. ప్రతాపరెడ్డి దానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఆ పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద అనే పేర్లతో తెలుగు పరీక్షలు పెట్టింది. బడిలో ఉర్దూ చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే వేలమందికి తెలుగు తప్పు లేకుండా రాయడం నేర్పింది ఆ పరీక్షలే. సర్కారు కొలువుకు అక్కరకొచ్చే పట్టాలు కావవి. అయినా జనం కూర్చుని రాశారు. దేవులపల్లి రామానుజరావు వంటి యువకులు ఆ పరిషత్తును తమ భుజాలపై మోశారు. ఇప్పుడది తెలంగాణ సారస్వత పరిషత్తుగా హైదరాబాదు తిలక్ రోడ్డులో ఉంది.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి చెప్పుకోవాలి. పేద ఇంట పుట్టి, పరుల ఇళ్లలో పనిచేస్తూ చదువు నేర్చుకున్న మనిషి. గోలకొండ పత్రికలో అచ్చు తప్పులు దిద్దే పనిలో చేరారు. తర్వాత దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మారు, జైలుకు పోయారు, ప్రజల మనిషి అనే నవల రాశారు. ఆళ్వారుస్వామి రాజకీయం వేరు, ప్రతాపరెడ్డి రాజకీయం వేరు. కాని అక్షరాల మధ్య కూర్చునే చోటు ఆయనకు దొరికింది ఆ పత్రికా కార్యాలయంలోనే. ఆలంపురానికి చెందిన గడియారం రామకృష్ణశర్మ సైతం ఆ నీడలో పెరిగి శాసనాలు, గుళ్ల చరిత్ర పట్టుకున్నవారే. ఆయన ఆత్మకథ శతపత్రానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

1952లో తొలి సాధారణ ఎన్నికల్లో ప్రతాపరెడ్డి కాంగ్రెసు తరఫున వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. తోటివాడైన బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. ప్రతాపరెడ్డి సభ్యుడిగానే ఉన్నారు, అదీ ఏడాదిన్నరే. 1953 ఆగస్టు 25న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు.

కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో పురస్కారాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తెలుగులో మొట్టమొదటి పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. తీసుకోవడానికి రచయిత లేరు. ట్యాంకుబండు మీది విగ్రహాల్లో ఆయన విగ్రహమూ ఉంది. 2025లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర, గోలకొండ కవుల సంచిక రెండూ మళ్లీ అచ్చయ్యాయి. మొయినాబాదు, చేవెళ్ల వైపు పాఠకులు తమ గ్రంథాలయంలో లేకపోతే అడిగి తెప్పించుకోవచ్చు. కవుల సంచికలో కవి పేరుతో పాటు ఊరి పేరు ఉంటుంది గనుక ముందుగా తమ చుట్టుపక్కల ఊళ్లేమైనా ఉన్నాయేమో వెదుక్కోవచ్చు.